మెట్టెవరిది? మాటెవరిది?

ఇతరుల వ్రాతలు దిద్దుట మా వృత్తి. మా వ్రాతను దిద్దువారు లేకుండుట ఆ వృత్తిలోని పెద్ద కొఱత. ఇరువది యేండ్లకు పైగా ఎఱ్ఱసిరాతో బాలబాలికల కాగితములపై గీతలు గీచుచు వచ్చిన మేము, వానిలో నొక గీతను అన్యాయముగా గీచితిమని యీ నడుమ తెలిసికొంటిమి. ఆ గీత చిన్నది. దాని వెనుకనున్న ప్రశ్న చిన్నది కాదు. పదిమందికిని చెందిన మెట్టుపై ఒకరు తమ మాట నిలిపినప్పుడు ఆ పాట యెవరిది? అది ఎరవుసొమ్మా, స్వంతసొమ్మా? ఈ ప్రశ్నకు మేము తొందరపడి సమాధానము చెప్పి యొక బాలికకు నష్టము కలిగించితిమి. ఆ కథను, ఆ పిమ్మట మాకు కలిగిన ఆలోచనను పాఠకుల ముందుంచుచున్నాము.

మేము పనిచేయు పాఠశాల శంషాబాదు ప్రాంతమున నున్నది. 2008 మార్చిలో విమానాశ్రయము తెఱవబడినది మొదలు మా ఊళ్ల నడవడి మారినది. చేల మీదుగా విమానములు దిగుచున్నవి. బెంగుళూరు బాటకు ఇరుప్రక్కల భోజనశాలలు, వసతిగృహములు, సరకుల గిడ్డంగులు లేచినవి. మా విద్యార్థుల తలిదండ్రులలో పెక్కండ్రు రాత్రియనక పగలనక వానిలో పనిచేయువారే. అయినను భాద్రపద బహుళామావాస్య వచ్చునప్పటికి తంగేడు, గునుగు, బంతి, చామంతి పూలు తాంబాళములలో గోపురములై లేవక మానవు. ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ వఱకు తొమ్మిది సాయంకాలములు స్త్రీలు ఆ పూలగోపురముల చుట్టు వలయముగా నిలిచి, వంగి లేచుచు, చప్పట్లు చఱచుచు పాడుదురు. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన 2014 లోనే ఈ పండుగ రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడినది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పాఠశాలలో బతుకమ్మ పాటల పోటీ పెట్టితిమి. పాట స్వకల్పితమై యుండవలెనని నిబంధన. నిర్ణేతలలో మేమొకరము. తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలిక ఒక పాట వ్రాసి తెచ్చినది. ఆమె తల్లి బాటప్రక్కనున్న యొక భోజనశాలలో పళ్లెములు కడుగును. ఊరివారందఱు ఆడి ముగించి, బతుకమ్మలను చెఱువులో విడిచి, సద్దులు పంచుకొని యిండ్లకు చేరిన తరువాత, అర్ధరాత్రమున ఆమె ఇల్లు చేరును. పిల్ల తన పాటలో తల్లికొఱకు వాకిట ఒక చిన్న బతుకమ్మను నిలిపినది. ఊరి పాటలో ఒక చుట్టు మిగిల్చి యుంచితిమి, వచ్చి నీవు తిరుగుము అని పిలిచినది. మాటలు తేటగా నున్నవి. భావము నూతనము. మెట్టు మాత్రము ప్రతి వాకిటను వినవచ్చెడి “ఉయ్యాలో” మెట్టే.

మేము కాగితమున కడ్డముగా గీత గీచి, “మెట్టు స్వంతము కాదు, అనుకరణము” అని వ్రాసి దానిని పోటీనుండి తొలగించితిమి. ఎవరును అంతకుముందు వినని మెట్టుతో వచ్చిన మఱియొక పాటకు బహుమతి నిచ్చితిమి. ఆ మెట్టు వ్రాసిన పిల్లవానిది కాదనియు, వాని తండ్రి సొమ్మిచ్చి యొక వాద్యకారునిచే కట్టించినదనియు అప్పుడే తెలియును. అయినను క్రొత్తది క్రొత్తదే యని సరిపుచ్చుకొంటిమి. బాలిక మా బల్లయొద్ద నిలిచి, “సార్, రాగం అందరిది గద. మాటలు నావి” అన్నది. “నిబంధన నిబంధనయే” నని మేమంటిమి. ఆమె మాఱు పలుకక వెడలిపోయెను. కాగితము మాయొద్దనే యుండిపోయెను.

ఇది జరిగి మఱచిపోయితిమి. రెండేండ్ల క్రిందట దసరా సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకడు, విమానాశ్రయములో సరకుల విభాగమున పనిచేయువాడు, మమ్ము చూడవచ్చెను. వాని చేతిఫోనులో ఏదియో విదేశసంగీతము మ్రోగుచుండెను. చప్పట్ల దరువు ముందు నడచుచుండగా ఎవరో పాడుచుండిరి. ఆ పాట ముగిసి మఱియొకటి మొదలయ్యెను. దానిక్రిందను అదే దరువు. మూడవదానిక్రిందను అదే. మేము విసుగుకొని, “నీ యంత్రము చెడినదేమో చూడుమురా, ఒకే పాట తిరిగి తిరిగి వచ్చుచున్నది” అంటిమి. వాడు నవ్వి, “లేదు సార్, ఇవి వేరే వేరే పాటలు. పాడెటోళ్లు వేరు, మాటలు వేరు. కింద దరువు ఒక్కటే. దాని పేరు దివాలీ” అనెను.

దీపావళి పేరు వినగానే మాకు కుతూహలము కలిగినది. విచారింపగా తెలిసిన సంగతి యిది. వెస్టిండీసు ద్వీపములలో నొకటియగు జమైకాలో, జనులు గుమిగూడి ఆడు నృత్యశాలల పేరనే “డాన్స్‌హాల్” అను సంగీతరీతి యొకటి కలదు. అక్కడ దరువును “రిడిమ్” అందురు. వాద్యకారు డొకడు మద్దెలల నడకను, మంద్రస్వరమును కలిపి మాటలు లేని యొక దరువు కట్టును. ఆ దరువుపై పదిమంది, ఇరువదిమంది గాయకులు ఎవరి మాటలు వారు పాడుదురు. ఆ పాటల నన్నిటిని ఒక సంపుటముగా కూర్చి విడుదల చేయుదురు. స్టీవెన్ లెంకీ మార్స్‌డెన్ అను వాద్యకారుడు చప్పట్ల నడకతో నొక దరువు కట్టి, దానికి మన పండుగ పేరు పెట్టెను. 2002 లో గ్రీన్‌స్లీవ్స్ సంస్థ ఆ దరువుపై వచ్చిన పాటలను సంపుటముగా ప్రకటించెను. ఆ దరువుపైననే షాన్ పాల్ పాడిన నృత్యగీతము 2003 లో అమెరికా పాటల పట్టికలో ప్రథమస్థానమును పొందెను. దానిపైననే వేన్ వండర్ విడువరాని ప్రేమను గూర్చి పాడెను. దానిపైననే బౌంటీ కిల్లర్ “సఫరర్” అను పాటలో పేదవాడల బాధను పాడెను. ఉత్సవము, అనురాగము, ఆకలి యను మూడును ఒకే చప్పట్లపై నడచినవి. విన్న జనులలో ఎవరును దానిని దొంగతనమని యనలేదు. ఎవని మాట బాగుగా నున్నదని మాత్రమే విచారించిరి.

ఈ యాచార మెట్లు పుట్టెనో చెప్పుకొను కథ యొకటి మా మనస్సున నాటుకొన్నది. 1960ల చివరి దినములలో స్పానిష్ టౌన్ అను పట్టణమున రడ్డీ రెడ్‌వుడ్ అను నాతడు పాటలు మ్రోగించు యంత్రశాల నడపుచుండెను. ఒకనాడు ఆతనికొఱకు జనప్రియమగు నొక పాటను పళ్లెముపై ముద్రించునపుడు గాయకుని కంఠము పొరపాటున విడువబడి వాద్యము మాత్రము మిగిలెనట. ఆతడు దానినే మ్రోగింపగా, ఆడుచున్న జనులందఱు ఎత్తుకొని తామే పాడిరట. లోపమనుకొన్నది పీట యైనది. ఖాళీగా నున్న చోట జనులు కూర్చుండిరి. ఆ తరువాత పళ్లెమునకు ఒకవైపు పాటయు, రెండవవైపు మాటలు లేని దరువును అచ్చువేయుట వాడుక యైనది. 1974 లో రూపీ ఎడ్వర్డ్స్ ప్రకటించిన “యమహా స్కాంక్” అనునది ఒకే దరువుపై కూర్చిన తొలి సంపుటమని చెప్పుదురు.

ఇదంతయు వినుచుండగా మాకు సిగ్గు కలుగసాగెను. ఏలయన, సముద్రముల కావలి ద్వీపమును చూచి ఆశ్చర్యపడుచున్న మేము, మా పెరటిలోని చెట్టును చూడమైతిమి. మన శతకము లన్న నేమి? ఒకే మకుటము, తఱచుగా ఒకే జాతి పద్యము, నూఱు మాటలు. వేమన తన ఆటవెలదిని తాను కనిపెట్టలేదు. అది యాతనికి ముందే పదిమంది నడచిన త్రోవ. ఆ త్రోవలో ఆతడు చెప్పిన మాట ఆతనిదే. ఉత్పలమాలను స్వయముగా కల్పింపలేదని తిక్కనను పోటీనుండి తొలగించు నిర్ణేత యెవడైన నుండునా? మేమే యుంటిమి!

మన పాత పాటల పుస్తకములు తెఱచి చూచినవారికి పాటపైన “ఫలాని పాట మెట్టు” అని చిన్న యక్షరములతో నచ్చువేసిన పంక్తి కనబడును. అది దాపఱికము లేని ఋణపత్రము. ఎవరి మెట్టుపై పాడుచున్నామో ముందుగానే చెప్పి, తరువాత తమ మాట చెప్పుదురు. సంస్కృతవిద్వాంసులును ఈ పని చేసిరి. ముత్తుస్వామి దీక్షితులు మదరాసులో కుంపినీవారి వాద్యబృందములు వాయించు ఆంగ్లేయ మెట్లను విని, వానిపై సంస్కృతమున దేవతాస్తుతులు కూర్చిరి. అవి సుమారు నలువది వఱకు కలవు, నోటుస్వరములని పేరు. బ్రిటిషు రాజగీతపు మెట్టునే దేవీస్తుతికి వాహనము చేసినవారు దీక్షితులు. దొరల బండి, దేవి యూరేగింపు! దానిని ఎవరైన చౌర్యమందురా?

మా హైదరాబాదు నగరముననే మఱియొక తార్కాణము కలదు. పెండ్లియూరేగింపులలో, వినాయక నిమజ్జనములలో మ్రోగు “తీన్‌మార్” దరువును ఎఱుగని వారుండరు. అది మర్ఫా అను వాద్యరీతినుండి వచ్చినది. ఆ రీతిని నిజాముల కొలువునకు వచ్చిన అరబ్బులును, ఆఫ్రికా సంతతివారగు సిద్దీలును ఇచటికి తెచ్చిరి. ఆఫ్రికా అశ్వదళము నివసించిన చోటు నేటికిని ఏ.సీ. గార్డ్స్ అనబడుచున్నది. జమైకాకు బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికావారి సంతతి అక్కడ దరువు కట్టెను. సైనికులై హైదరాబాదు చేరినవారి సంతతి ఇక్కడ దరువు కట్టెను. నేడు ఆ దరువు వినబడగానే హిందువు, మహమ్మదీయుడు అను భేదము లేక పిల్లల కాళ్లు కదలును. దరువునకు గడప లేదు.

అయిన పూర్వపక్షము నొక దానిని వినవలసి యున్నది. “అట్లయిన స్వకల్పన మనునది వట్టిమాటయా? ఇతరుల మెట్టుపై నాలుగు మాటలు పేర్చినవాడును, తపించి క్రొత్తదనమును సాధించినవాడును సమానులా? పిల్లలకు అనుకరణము నేర్పుట గురుధర్మమా?” ఈ యాక్షేపణ మా నోటినుండియే వచ్చినది గనుక దీని బలము మాకు తెలియును. దీనికి సమాధానము వేయి సంవత్సరములకు పైబడిన యొక గ్రంథమున కలదు. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరమున ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున నాలుగవ ఉద్ద్యోతమున కవుల నడుమ గల పోలికలను మూడు విధములుగా విభజించెను. మొదటిది అద్దములోని ప్రతిబింబము వంటిది. దానికి తనదగు ప్రాణము లేదు. రెండవది చిత్తరువు వంటిది. దానికి ప్రాణమున్నట్లు తోచునే గాని తుచ్ఛము. మూడవది ఒకరి నొకరు పోలిన ఇద్దఱు మనుష్యుల వంటిది. దేహములు పోలవచ్చును, ప్రాణములు వేఱు. మొదటి రెండును విడువదగినవి, మూడవది విడువనక్కఱలేదని యాతని తీర్పు. కావున అడుగవలసిన ప్రశ్న “దేహము పోలినదా?” అనునది కాదు, “ప్రాణము వేఱుగా నున్నదా?” అనునది. మేము పాటను కొలుచుటకు బదులు దాని చొక్కాను కొలిచితిమి. ఆ బాలిక పాటలో తల్లికొఱకు వేచియున్న వాకిలి మఱియే బతుకమ్మ పాటలోను మేము విని యుండలేదు.

మఱియొక సంగతియు గమనింపదగినది. మెట్టు అందఱిదగుటచేతనే కొన్ని మాటలు లోకమున వినబడగలిగినవి. 1920ల తొలినాళ్లలో గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనము మాకు వద్దని పాట వ్రాసి చెఱసాలకు పోయెను. ఆ పాట తెలుగునాట ఇంటింట మ్రోగెను. ఆ దశకముననే రాజమహేంద్రవరపు వాడగు కుసుమ ధర్మన్న దాని పల్లవి పోలికనే గైకొని, నల్లదొరతనము మాకు వద్దని మఱియొక పాట వ్రాసెను. తెల్లవాని పెత్తనమును నిరసించు నోటితోనే తోటి మనుష్యుని అంటరాదని దూరముంచు మన పెత్తనమును ఆతడు నిలదీసెను. మొదటి పాటకు చప్పట్లు కొట్టిన చేతులు రెండవ పాట వినగానే ఏమి చేయవలెను? పోలిక యొక్కటే యగుటచేత తప్పించుకొను త్రోవ లేదు. ధర్మన్న ఎవరును వినని క్రొత్త మెట్టు కట్టియున్న ఆ మాట అంత సూటిగా తగిలియుండెడిది కాదు. సుద్దాల హనుమంతు తెలంగాణ రైతుపోరాటమున పల్లెపదముల వరుసలలో పాటలు కట్టుటయు ఇట్టిదే. పెద్దల పీటపై కూర్చుండుట కధికారము లేనివారికి పదిమంది మెట్టు తానే పీటయైనది.

ఇంతవఱకు వచ్చిన పాఠకుడు, ఇక నెవరి సొమ్మును ఎవరైన వాడుకొనవచ్చునని మేము చెప్పుచున్నట్లు తలంపవలదు. ఉమ్మడి సొత్తు వేఱు, ఎవరును అడుగని సొత్తు వేఱు. ఊరి చెఱువులో నీరు ముంచుకొనుట హక్కు. ఆ చెఱువును తన పేర పట్టా చేయించుకొనుట దౌర్జన్యము. ఈ భేదమునకు జమైకా దరువులే నిదర్శనము.

1989 లో స్టీలీ, క్లీవీ అను ఇద్దఱు వాద్యకారులు “ఫిష్ మార్కెట్” అను దరువు కట్టిరి. అది జమైకాలో పదిమంది నోట నడచినంతవఱకు ఎవరికిని బాధ లేదు. ఆ నడక క్రమముగా స్పానిషు భాషలో పాడు దేశములకు ప్రాకి, రెగెటాన్ అను మహావ్యాపారమునకు పునాది యైనది. దానిపై ధనరాసులు పేరుకొనుచుండగా పునాది వేసినవారి పేరు వినబడదాయెను. 2009 లో స్టీలీ గతించెను. 2021 లో క్లీవీయు, స్టీలీ వారసులును అమెరికా న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. ప్రతివాదుల సంఖ్య నూటికి మించెను. ఆ వ్యాజ్యమును తొలుతనే కొట్టివేయుమను కోరికను న్యాయాధీశుడు 2024 లో నిరాకరించెను. మా చింత న్యాయస్థానపు తీర్పును గూర్చి కాదు. ఒక నడక యంతయు ఒకరి సొత్తగునా యను దాని నటుండనిండు. తమలో తాము పంచుకొన్న బీదవారి వస్తువును, పంచుకొనుట యను వాడుక నెఱుగని ధనికులు ఎత్తుకొనిపోయినప్పుడు దానిని పంపక మనవచ్చునా యనునది మా ప్రశ్న. పంచుకొనువాడు తానును ఏదో యొకటి పంక్తిలో వడ్డింపవలెను. విస్తరి మాత్రము పఱచుకొనువాడు బంధువు కాడు.

దీనికి ప్రతిగా మంచి మాటయు చెప్పవలసి యున్నది. 1985 లో జమైకా సంగీతమునే మలుపు త్రిప్పిన “స్లెంగ్ టెంగ్” అను దరువు ఒక జపాను యంత్రమునుండి వచ్చినది. కాసియో సంస్థవారు 1981 లో విడుదల చేసిన యొక చిన్న మీటల వాద్యములో ముందుగానే అమర్చియుంచిన నడక అది. దానిని అమర్చినది ఒకుదా హిరోకో అను యువతి. ఆమెకు విద్యార్థిదశనుండియు జమైకా సంగీతమన్న ప్రీతి. ఆమె యమర్చిన నడకపై వేన్ స్మిత్ పాడగా, కింగ్ జామీ దానిని విడుదల చేసెను. వందలకొలది పాటలు ఆ దరువుపై పుట్టినవి. జమైకానుండి జపానునకు పోయిన ప్రీతి, యంత్రములో దాగి, మరల జమైకాకే తిరిగివచ్చెను. ఇది ఋణము తీర్చుకొనుటలో సుందరమైన రీతి.

మా ఊరి ప్రక్కనే ముచ్చింతలలో 216 అడుగుల రామానుజ విగ్రహము 2022 ఫిబ్రవరిలో ఆవిష్కృతమైనది. విమానము దిగువారికి దూరమునుండియే కనబడును. ఆయనను గూర్చి సంప్రదాయమున చెప్పు కథ అందఱెఱిగినదే. గోష్ఠీపూర్ణులు రహస్యముగా నుంచుమని ఉపదేశించిన మంత్రార్థమును ఆయన గోపురమెక్కి పదిమందికిని చాటెనట. ఆ కథలో జనులు మెచ్చునది ఆయన ఔదార్యమును. మేము దానితోపాటు మఱియొకటి మెచ్చుచున్నాము. ఆయన మంత్రమును పంచెనే గాని గురువు పేరును చెఱపలేదు. పంచుటయు, పేరు చెప్పుటయు ఒకదానికొకటి విరోధము లేవు.

ఇక చివరి చిక్కు. దరువు మంచిదైనంత మాత్రమున దానిపై నెక్కినదంతయు మంచిదగునా? కాదు. డాన్స్‌హాల్ పాటలలో స్త్రీలను కించపఱచునవి, తుపాకులను పొగడునవి, భిన్నమైన ప్రేమ గలవారిని చంపుమనునవి కూడ కలవు. అట్టి పాట నొకదానిని 1992 లో బూజు బాంటన్ విడుదల చేసెను. ఏండ్ల తరబడి నిరసనలు చెలరేగిన తరువాత దానిని తన పాటల పట్టికనుండి తొలగించితినని 2019 లో ప్రకటించెను. మన ఊరేగింపులలో చెవులు చిల్లులుపడ మ్రోగు పాటలలో ఇంటిలో ఆడుబిడ్డల యెదుట అర్థము చెప్పదగినవి ఎన్ని? దరువు కాళ్లను కదిలించునే గాని మాటలను కడుగదు. కాళ్లు కదలుచున్న వేళ చెవి ఏమరియుండును. ఆ వేళ లోనికి చొచ్చు మాట మఱింత లోతుగా దిగును. కావుననే మెట్టు ఉమ్మడిదైనను మాట బాధ్యత ఉమ్మడిది కాదు. “అందఱును పాడు మెట్టే గదా” యని తప్పించుకొను వీలు లేదు. మెట్టును పదిమందితో పంచుకొనవచ్చును. మాటకు మాత్రము ఒక్కరమే పూచీ.

ఈ యాలోచనల పిమ్మట మా పాత కాగితములు వెదకితిమి. బాలిక పాట దొరకినది. ఆమె యిప్పుడు నగరమున కళాశాలలో చదువుచున్నదని విని, కిందటి యేడు సద్దుల బతుకమ్మ మఱునాడు వారి యింటికి పోతిమి. బాలిక యింటనే యున్నది. తల్లియు ఆనాడు పనికి పోలేదు. మేము కాగితము ముందుంచి, “అమ్మా, మీ బిడ్డ వ్రాసిన యీ పాటకు మేము అన్యాయము చేసితిమి. అది చెప్పి పోవలెనని వచ్చితిమి” అంటిమి. ఆ తల్లి మా ముఖమును, బిడ్డ ముఖమును చూచి, “పాటా సార్? మా పిల్ల పాట రాసిందా?” అని యడిగెను.

పాఠక మహాశయులారా! ఆ ప్రశ్నతో మా తప్పు ఎంతటిదో మాకు పూర్తిగా తెలిసినది. ఆ పాట ఎవరికొఱకు వ్రాయబడెనో ఆమెకే చేరలేదు. పంతులు కొట్టివేసిన పాటను తల్లికి వినిపించుటకు పిల్లకు మనసొప్పలేదు. మేము తీసివేసినది ఒక బహుమతి యనుకొంటిమి. తీసివేసినది ఒక పిలుపు.

తల్లికి చదువు రాదు. పిల్ల “వద్దు సార్, ఎప్పటిదో గద” యని తల వంచుకొనెను. తల్లి మాత్రము వినవలెనని పట్టుపట్టెను. చేయునది లేక మేమే కాగితము చేతికి తీసికొని, రాగము రాని మా గొంతుతో మొదటి పంక్తి చదివితిమి. ఆ పంక్తి ముగియుటతోడనే తల్లి, మేము అడుగకయే, “ఉయ్యాలో” అని అందుకొన్నది. రెండవ పంక్తికి ఆమె చేతులు చప్పట్లు మొదలుపెట్టెను. మూడవ పంక్తినుండి బిడ్డ గొంతు కలిసినది. అర్ధరాత్రమున వచ్చు తల్లికొఱకు మిగిల్చిన చుట్టు దగ్గఱకు పాట వచ్చునప్పటికి మేము చదువుట మానితిమి. మా యవసరము వారికి లేకపోయెను.

ఆమె ఆ పాట విన్నది జీవితమున అదే మొదటిసారి. అయినను రెండవ క్షణముననే అందులో పాలుగొనగలిగినది. బహుమతి పొందిన మెట్టువంటి యెవరును వినని మెట్టైనచో, ఆమె చేతులు కట్టుకొని మా ముఖము చూచుచు కూర్చుండవలసినదే. మెట్టు పాతదగుటచేత ఆమెకు చోటు దొరకినది. మాట క్రొత్తదగుటచేత ఆమె కన్ను తడిసినది.

ఈ సంవత్సరము మా పాఠశాల పోటీకి నిబంధనలు మరల వ్రాసితిమి. అవి మూడు. మెట్టు ఎవరిదైనను కావచ్చును. ఎవరిదో తెలిసినచో కాగితముపైన వ్రాయవలెను. తెలియనిచో ఊరిదని వ్రాయవలెను. మాట తనదై యుండవలెను. దానికి తానే పూచీ పడవలెను. నిబంధనల కాగితమును ఆ బాలికకు పంపి అభిప్రాయ మడిగితిమి. మూడవదాని క్రింద ఆమె ఒక పంక్తి చేర్చి పంపినది: ఎవరికొఱకు వ్రాసితిరో వారికి ముందు వినిపింపవలెను.

దానిని మేము దిద్దలేదు.